మంచును కొలుచువారి పొత్తు

లోకమాన్య బాలగంగాధర తిలకు 1903లో ప్రకటించిన యొక గ్రంథమున, వేదర్షుల పూర్వులు ఉత్తర ధ్రువ ప్రాంతమున నివసించిరని వాదించెను. దేవతల దినమొకటి మానవుల సంవత్సరమొకటి యని మన గ్రంథములు చెప్పుచుండ, ఆఱు నెలలు పగలును ఆఱు నెలలు రాత్రియు నగు దేశమును ఎఱుగనివారి కా యూహ యెట్లు కలిగెనని యాతని ప్రశ్న. ఆ వాదమును నేటి పండితులు అంగీకరింపరు. దానిని నిలబెట్టుటకు మేమును పూనుకొనలేదు. మన పూర్వులు ఆ మంచుపై నుండినను ఉండకున్నను, మన బిడ్డల పొలములును రేవులును ఆ మంచుతో ముడివడి యున్నవనుట మాత్రము నేడు ఊహ కాదు, లెక్కకు వచ్చిన సంగతి.

ఆ లెక్క యెట్లు సంపాదింపబడినదో, దానికై యెవరెవరు పాటుపడిరో, దానికి నేడు ఎట్టి విఘ్నము వాటిల్లినదో మా చదువరులకు విన్నవింపదలచితిమి. ఉత్తర సముద్రపు మంచును గూర్చి లోకమునకు తెలిసినదానిలో ఏ జాతియు ఒంటిగ సంపాదించినది మిక్కిలి స్వల్పము. అది పొత్తు వలన వచ్చిన సొత్తు. పొత్తు చెడినచో సొత్తు నిలువదు.

ముందుగా నొక భ్రమను తొలగింపవలెను. దక్షిణ ధ్రువమున నున్నది భూఖండము, దానిచుట్టును సముద్రము. ఉత్తర ధ్రువమున నున్నది సముద్రము, దానిచుట్టును భూములు. ఉత్తర ధ్రువ బిందువున నిలుచువాని కాళ్లక్రింద నుండునది మంచుపలక. ఆ పలక క్రింద నాలుగువేల మీటర్లకు పైబడిన ఉప్పునీరు. సముద్రజలము సున్నకు దిగువ రమారమి 1.8 డిగ్రీల సెంటిగ్రేడు కడ గడ్డకట్టును. శీతకాలమంతయు పెరిగి పెరిగి మార్చి నాటికి దాదాపు ఒకటిన్నర కోటి చదరపు కిలోమీటర్ల మేర మంచు వ్యాపించును. వేసవిలో కరగి సెప్టెంబరు నాటికి కొంత మిగులును. ఈ పెరుగుట తరుగుటలు అనాదిగ నున్నవే. సెప్టెంబరున మిగులునది దశాబ్దమునకు దశాబ్దమునకు తగ్గిపోవుట మాత్రము అనాదిగ నున్నది కాదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా జాతులు ఈ సముద్రము పైకి ఓడలను పంపినది జ్ఞానము కొరకు కంటె కీర్తి కొరకే. ఎవ రెంత ఉత్తరమునకు పోయిరి, ఎవరి పతాకము ఎచ్చట నాటబడెను అనునదే వారి లెక్క. ఈ వెఱ్ఱిని తీవ్రముగ ఖండించినవాడు దానిలో స్వయముగ పాల్గొని వచ్చినవాడే. ఆస్ట్రియా-హంగరీ నౌకాదళమునకు చెందిన కార్ల్ వైప్రెఖ్ట్ 1872లో బయలుదేరి మంచులో చిక్కుకొని, ఫ్రాంజ్ జోసెఫ్ ద్వీపములను కనుగొని, తుదకు ఓడను మంచునకే విడిచి, పడవల నీడ్చుకొనుచు 1874లో బయటపడెను. అట్టివాడు 1875లో లోకమునకు చెప్పిన హిత మిది: ద్వీపములకు పేరులు పెట్టుట శాస్త్రము కాదు; పలుజాతులవారు ధ్రువముచుట్టు పలుచోట్ల స్థావరము లేర్పరచుకొని, ఒకే కాలమున, ఒకే పద్ధతిని, గాలిని, వేడిని, అయస్కాంతశక్తిని కొలిచిననాడే ప్రకృతి తన మర్మమును విప్పును. ఒక్కడు ఒక్కచోట కొలిచినది యొక వార్త; పదుగురు పదిచోట్ల ఒక్కమారు కొలిచినది విజ్ఞానము.

వైప్రెఖ్ట్ 1881లో మరణించెను. ఆతని సంకల్పము మరణింపలేదు. మరుసటి సంవత్సరమే, 1882–83లో, మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరము ఆరంభమైనది. ఆ పొత్తునకు చెల్లింపబడిన మూల్యము కొంచెము కాదు. అమెరికా పక్షమున గ్రీలీ నాయకత్వమున లేడీ ఫ్రాంక్లిన్ అఖాతమునకు పోయిన 25 మందికి వరుసగ రెండు వేసవులు సహాయనౌక చేరలేదు. 1884లో రక్షకులు వచ్చునప్పటికి పెక్కురు ఆకలికిని చలికిని బలియై యుండిరి. ప్రాణములతో స్వదేశము చేరినవారు ఆఱుగురే. అట్టి దురవస్థలో గూడ వారు తమ కొలతల పుస్తకములను పోగొట్టుకొనలేదు. నాడు వివిధ స్థావరములలో వ్రాయబడిన ఆ లెక్కలను నూరేండ్లకు పైబడిన పిమ్మట శాస్త్రజ్ఞులు మరల తెరచి, ఆనాటి ధ్రువ శీతోష్ణస్థితిని ఈనాటి దానితో పోల్చిరి. వ్రాసినవానికి తెలియని ప్రయోజనము వ్రాతకు కలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

నార్వే దేశస్థుడగు ఫ్రిద్యోఫ్ నాన్సెన్ కథ మఱియు విచిత్రమైనది. సైబీరియాకు ఉత్తరమున 1881లో మంచునడుమ నలిగి మునిగిన 'జానెట్' అను అమెరికా ఓడ శకలములు మూడేండ్ల పిమ్మట గ్రీన్లాండు నైఋతి తీరమున దొరకెను. వానిని అంతదూరము మోసికొని వచ్చినది మంచే యని నాన్సెన్ ఊహించెను. మంచు నొక్కినకొలది నలుగక పైకి లేచునట్లు గుండ్రని యడుగుతో 'ఫ్రామ్' అను ఓడను కట్టించి, 1893లో బుద్ధిపూర్వకముగ దానిని మంచులో బిగియనిచ్చెను. ఓడ మంచుతో గూడ దాదాపు మూడేండ్లు తేలి 1896 ఆగస్టులో ఆవలివైపున బయటపడెను. మంచు గాలివాలున సరిగ పోక కుడివైపునకు ఒరిగి పోవుచున్నదని నాన్సెన్ కనిపెట్టగా, దానికి కారణము భూభ్రమణమని స్వీడను దేశపు ఎక్మన్ గణితముచే నిరూపించెను. సముద్రప్రవాహముల శాస్త్రమునకు నేటికిని అది యొక పునాదిరాయి.

ఆ 1896లోనే స్వీడనులో స్వాంటె అర్హీనియస్ అను రసాయనశాస్త్రజ్ఞుడు తన బల్లయొద్ద కూర్చుండి మఱియొక లెక్క కట్టెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, భూమినుండి వెలువడు వేడిని కొంత యాపుననియు, అది హెచ్చినచో భూమి వేడెక్కుననియు, ఆ వేడి ఉత్తరపు శీతల భాగములందు అధికముగ నుండుననియు ఆతని గణన తేల్చెను. మంచులో తేలినవాడును, కలముతో గుణించినవాడును, ఒకరి సంగతి ఒకరు తలపెట్టకయే, ఒకే సత్యమునకు చెరియొక కొసను పట్టుకొనిరి. రెండు కొసలను ముడివేయుటకు మఱియొక శతాబ్దము పట్టినది.

రెండవ ధ్రువ సంవత్సరము 1932–33లో జరిగెను. 1937లో సోవియట్ ప్రభుత్వము ధ్రువమునొద్ద మంచుపలకపై పపానిన్, క్రెంకెల్, షిర్షోవ్, ఫ్యోదొరోవ్ అను నలుగురిని విమానములతో దింపెను. వారు 274 దినములు ఆ పలకపై తేలుచు కొలతలు తీసిరి. పలక పగిలి చిన్నదగుచుండ 1938 ఫిబ్రవరిలో గ్రీన్లాండు తీరము దాపున ఓడలు వచ్చి వారిని రక్షించెను. 1957–58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగినది. అమెరికా రష్యాలు ఒండొరులపై అణ్వస్త్రములను గురిపెట్టుకొని యున్న ఆ దినములలో గూడ ఉభయదేశముల శాస్త్రజ్ఞులు ఆ సంవత్సరమున పాలుపంచుకొనిరి.

ఆ కాలముననే మఱియొక విధమైన కొలత రహస్యముగ సాగుచుండెను. జలాంతర్గాములు మంచు మాటున సంచరించుచు, తమకు పైనున్న పలక మందమును శబ్దతరంగములచే ఎప్పటికప్పుడు తెలిసికొనుచుండెడివి. యుద్ధము కొరకు వ్రాసికొనిన ఆ లెక్కలు దశాబ్దముల తరబడి బీరువాలలో బంధింపబడి యుండెను. 1990 తరువాతి దశాబ్దమున అమెరికా నౌకాదళము కొన్నిటిని విడుదల చేయగా, 1999లో శాస్త్రజ్ఞులు ప్రకటించిన సంగతి యిది: 1958–1976 నడుమ వేసవి తుదిని సగటున 3.1 మీటర్లుండిన మంచు మందము 1990 తరువాత 1.8 మీటర్లకు దిగినది. మంచు వైశాల్యమే గాక మందమును తగ్గుచున్నదని లోకమునకు స్పష్టమైనది అప్పుడే. రహస్యముగ నున్నంతకాలము ఆ లెక్క ఒక నౌకకు దారి చూపినది. బయటికి వచ్చిన పిమ్మట మానవజాతికి హెచ్చరిక యైనది.

1978 తుదినుండి ఉపగ్రహములు మేఘములకును చీకటికిని వెఱవని సూక్ష్మతరంగములచే ఆ మంచును చూచుచున్నవి. 1980 ప్రాంతమున సెప్టెంబరు నాటికి 70 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగ మిగులుచుండిన మంచు 2012లో 34 లక్షలకు దిగినది. 2020లో 37 లక్షలు. మొత్తము మీద పదేండ్లకు నూటికి పండ్రెండు వంతుల చొప్పున సెప్టెంబరు మంచు తఱుగుచున్నదని లెక్క. శీతకాలపు గరిష్ఠ వైశాల్యము 2025 మార్చిలో 1 కోటి 43 లక్షల చదరపు కిలోమీటర్లు; అంతకుముందు ఉపగ్రహములు చూచిన యే శీతకాలమునను ఇంత తక్కువ లేదు. 2012 కనిష్ఠము తరువాత మఱియొక కనిష్ఠము రాలేదు గదా, భయమెందుకని ప్రశ్నించువారు కలరు. ఆటు తీయుచున్న వేళ నొక అల ముందటి యలకంటె నాలుగు మూరలు పైకి వచ్చినంతమాత్రమున సముద్రము వెనుకకు పోవుట లేదని మన జాలరులలో నెవడైన చెప్పునా?

ఈ కరగుటలో నొక విషవలయము కలదు. వేసవి వచ్చినంతనే డాబాలకు సున్నము కొట్టించుట మన యూళ్లలో చూచుచున్నాము. తెలుపు ఎండను త్రోసివేయును, నలుపు త్రాగివేయును. హిమముతో కప్పబడిన మంచు తనపై బడిన సూర్యరశ్మిలో నూటికి ఎనుబది వంతులకు పైగ మరల ఆకాశమునకే పంపును. దాని చోటున బయటపడిన నల్లని నీరు నూటికి తొంబది వంతులకు పైగ త్రాగివేయును. మంచు కరగినకొలది నీరు వేడెక్కును. నీరు వేడెక్కినకొలది మంచు కరగును. ఇది మొదలగు కారణములచే ఉత్తర ధ్రువ ప్రాంతము 1979 నుండి భూమి సగటుకంటె దాదాపు నాలుగు రెట్లు వేగముగ వేడెక్కినదని ఫిన్లండు శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిరి. 2050 లోపల కనీస మొక సెప్టెంబరున ఆ సముద్రము దాదాపు మంచులేనిదగునని అంతర్జాతీయ శీతోష్ణస్థితి పరిశీలక సంఘము 2021లో తన యభిప్రాయమును తెలిపినది.

ఉపగ్రహము పైనుండి చూడగలదు. పలక క్రింద నేమి జరుగునో, రాత్రి వేళ మంచునకును మేఘమునకును నడుమ వేడి యెట్లు పోవుచుండునో చూడలేదు. అందుకై మానవుడు పోవలసినదే. నాన్సెన్ మార్గమున 2006లో 'తారా' అను ఫ్రెంచి ఓడ మంచులో బిగిసికొని దాదాపు 500 దినములలోనే బయటపడెను. 'ఫ్రామ్'కు పట్టిన కాలమున సగమైన పట్టలేదు. పలుచబడిన మంచు గాలికి తొందరగ కదలునను సంగతి దానివలన తెలిసినది.

తరువాత జరిగిన మహాప్రయత్నము 'మొజాయిక్'. జర్మనీ దేశపు ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థవారి 'పోలార్‌స్టెర్న్' అను నౌక 2019 సెప్టెంబరు 20న నార్వేలోని ట్రోమ్సో రేవునుండి బయలుదేరి, అక్టోబరు 4న రమారమి 85 డిగ్రీల ఉత్తరాక్షాంశమున నొక మంచుపలకకు తన్నుతాను కట్టివేసికొనెను. ఇరువది దేశములవారు, నూర్లకొలది శాస్త్రజ్ఞులు, వంతులవారీగ అందులో పనిచేసిరి. మార్కుస్ రెక్స్ నాయకుడు. తగిన పలకను వెదకుటలోను, చుట్టును యంత్రములను దింపుటలోను రష్యా వారి 'అకడమిక్ ఫ్యోదొరోవ్' నౌక తోడుపడినది. 1937లో మంచుపై నుండిన నలుగురిలో నొకని పేరే ఆ నౌకకు పెట్టబడినది. నెలల తరబడి సూర్యుడుదయింపని చీకటిలో, తెల్లని ఎలుగుబంట్ల రాకను కనిపెట్టుటకు కావలి యుంచుకొని, వారు మంచును తొలిచి చూచిరి; హిమపు లోతును కొలిచిరి; బెలూనులను ఎగురవేసిరి; పలక క్రింది నీటిలోని సూక్ష్మజీవులను పరిశీలించిరి.

2020లో కోవిడ్ మహమ్మారి లోకమును మూసివేసినప్పుడు వారికి బదులు మనుష్యులను చేర్చుట దుస్తరమైనది. నౌక కొన్ని వారములు పలకను విడిచి స్వాల్బార్డు వఱకు వచ్చి, క్రొత్తవారిని ఎక్కించుకొని మరల పోయినది. జూలై తుదిని ఆ పలక గ్రీన్లాండునకును స్వాల్బార్డునకును నడుమనున్న జలసంధి దాపున ముక్కలైపోయెను. అటుపిమ్మట నౌక ఉత్తరమునకు మరలి, ఒకప్పుడు దుర్భేద్యమగు మంచుండెడి గ్రీన్లాండు ఉత్తర భాగముననే దారి చేసికొని, 2020 ఆగస్టు 19న ధ్రువమును చేరినది. కీర్తి కొరకు పూర్వులు ప్రాణములర్పించిన ఆ బిందువును ఇంత సులభముగ చేరుట విజయమని యెంచవలెనో, విషాదమని యెంచవలెనో చదువరులే నిర్ణయింతురు గాక. ఆ సంవత్సరపు లెక్కలన్నియు 2023 జనవరి 1 నుండి లోకమున కెల్ల అందుబాటున నున్నవి. వైప్రెఖ్ట్ కోరిన దిదియే.

ఈ పొత్తులో మన స్థానమేమి? స్వాల్బార్డు ద్వీపములపై నార్వే యధికారమును అంగీకరించుచు 1920 ఫిబ్రవరి 9న పారిసులో నొక సంధి జరిగెను. అందు భారతదేశమునకును భాగము కలదు. కాని మన పక్షమున సంతకము చేసినది ఆంగ్ల ప్రభుత్వము. సహాయ నిరాకరణోద్యమమునకు దేశము లేచిన ఆ సంవత్సరముననే, మనల నడుగకయే, మన పేరు మంచుదేశపు సంధిపత్రమున కెక్కినది. నాడు పరుల చేతివ్రాతతో వచ్చిన ఆ హక్కును స్వతంత్ర భారతము తన చేతిపనితో సార్థకము చేసికొనినది. 2007లో మన శాస్త్రజ్ఞుల మొదటి బృందము ఉత్తర ధ్రువ ప్రాంతమునకు పోయెను. 2008 జూలై 1న స్వాల్బార్డులోని నీ-ఓలెసుండ్ అను గ్రామమున 'హిమాద్రి' పరిశోధనాలయము ప్రారంభింపబడెను. 2014లో అచ్చటి అఖాతమున, నీటి యడుగున నాటిన కొలతల స్తంభమువంటి యొక యంత్రసముదాయము 'ఇండార్క్' అను పేర నెలకొల్పబడినది. 2023 డిసెంబరులో మనవారు చీకటికాలమున గూడ అచ్చట నుండి పనిచేయుటకు తొలిసారిగ బయలుదేరిరి.

ఆ నీ-ఓలెసుండ్ చరిత్రమును మా చదువరులు ఎఱుగదగును. అది యొకప్పుడు బొగ్గుగనుల గ్రామము. 1962లో గనిలో పేలుడు సంభవించి 21 మంది మరణింపగా, తరువాత గని మూయబడినది. ఏ బొగ్గును త్రవ్వితీసిరో ఆ బొగ్గు పొగవలన భూమికి కలిగిన జ్వరమును ఇప్పుడు అదే గ్రామమున నానాజాతులవారు పొరుగుపొరుగు ఇండ్లలో కూర్చుండి కొలుచుచున్నారు.

ఆ జ్వరముతో మన కేమి పనియని అడుగువారికి ఉత్తరము చెప్పవలసియున్నది. నీటిపై తేలు మంచు కరగినంతమాత్రమున సముద్రమట్టము హెచ్చదు. నిండు లోటాలోని మంచుగడ్డ కరగినను నీరు పొంగి పొరలదు. కాని గ్రీన్లాండు మంచు నేలమీది మంచు. అది సమస్తము కరగినచో సముద్రములు ఏడు మీటర్లు లేచును. అది రేపో మాపో జరుగునది కాదు. అయినను పలుదేశముల శాస్త్రజ్ఞులు పలు ఉపగ్రహముల లెక్కలను ఒకచోట చేర్చి తేల్చినదేమనగా, 1992 నుండి 2018 వరకు గ్రీన్లాండు 3 లక్షల 80 వేల కోట్ల టన్నుల మంచును కోల్పోయినది. దానివలన ప్రపంచ సముద్రమట్టము 10.6 మిల్లీమీటర్లు హెచ్చినది.

ఇందొక వింత కలదు. ఆ మహా హిమరాశి తన బరువుచే చుట్టునున్న సముద్రజలమును తనవైపు ఆకర్షించుకొని యుండును. అది కరగినకొలది ఆ యాకర్షణ సడలును. కావున కరగినచోట, గ్రీన్లాండు తీరమున, నీటిమట్టము తగ్గును. దూరమున, ఉష్ణమండల తీరములందు, సగటుకంటె హెచ్చును. అపరాధ మొకచోట, దండన మఱియొకచోట! 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనను మన పెద్దలు చెప్పగా వింటిమి. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనను చూచినవారు నేటికిని కలరు. ఆ ఉప్పెనలకు ధ్రువపు మంచు కారణము కాదు. కాని మట్టము హెచ్చిన సముద్రమునుండి లేచు ఉప్పెన అంత పైకే లేచును, అంత లోపలికే వచ్చును. కృష్ణా గోదావరుల లంకలలో నున్న రైతునకు ఒక్కొక్క అంగుళమును లెక్కయే.

వర్షముల సంగతియు నున్నది. కారా సముద్రమున వేసవి మంచు తగ్గుటకును, మధ్య భారతమున సెప్టెంబరు మాసపు అతివృష్టులకును సంబంధ ముండవచ్చునని గోవాలోని మన జాతీయ ధ్రువ పరిశోధనా కేంద్రపు శాస్త్రజ్ఞులు 2021లో సూచించిరి. ఇది యింకను సంపూర్ణముగ నిర్ణయింపబడిన సిద్ధాంతము కాదు, పరీక్షింపవలసిన ప్రతిపాదన. పరీక్షించుటకు లెక్కలు కావలెను. లెక్కలకు కావలసినది తెగని పొత్తు.

బాధ్యత యెవరిదను ప్రశ్నను దాటిపోరాదు. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరినచో సెప్టెంబరు మంచులో మూడు చదరపు మీటర్లు నశించునని 2016లో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అమెరికా నివాసి యొకడు ఏటేట సగటున 14 టన్నులకు కారకుడు. భారతీయుడు రమారమి రెండింటికి. అనగా వాని పాలు నలుబది చదరపు మీటర్లకు పైన, వీని పాలు ఆఱు. ఇంతవరకు గాలిలో చేర్చబడిన మొత్తములో నాలుగవవంతు అమెరికాది. ఈ యన్యాయమును చాటవలసినదే. కాని నేడు ఏటేట వెలువరించు మొత్తమున మన దేశము మూడవది యను సంగతిని దాచుటయు సత్యము కాదు. పరుల తప్పును చూపి మన తప్పును కప్పుకొనుట స్వరాజ్యము నేర్పిన ధర్మము కాదు.

ఆ మంచుపై నివసించు ప్రజలను గూడ మఱువరాదు. ఇనూయిట్ జనులు తరతరములుగ ఆ మంచుమీద నడచి, వేటాడి, దాని రంగును చప్పుడును బట్టి దాని బలమును చెప్పగలవారు. పరదేశీయులు చిరకాలము వారి నేలను వారి నడుగకయే పంచుకొనిరి. వారు 1977లో తమ మహాసభను స్థాపించుకొనిరి. 1996లో ఎనిమిది దేశములు ఆర్కిటిక్ మండలిని ఏర్పరచుకొనగా ఆదివాసుల సంఘములకును అందు శాశ్వత స్థానము లభించినది. నేడు అట్టి సంఘము లాఱు కలవు. మన పేరున పరులు సంతకములు చేసిన కాలమును చూచిన జాతికి వారి మనోవేదన వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్లు నూటయేబది యేండ్లు పెరిగిన ఈ పొత్తునకు ఇటీవల గొడ్డలిపెట్టు తగిలినది. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తెను. మార్చిలో ఆర్కిటిక్ మండలిలోని తక్కిన యేడు దేశములు రష్యాతో కూర్చుండుట నిలిపివేసినవి. మండలి పనులు కొంత మరల సాగినను, పశ్చిమదేశముల సంస్థలకును రష్యా పరిశోధనాలయములకును నడుమ పూర్వపు రాకపోకలు తెగిపోయినవి. ఆ సముద్రపు తీరములో దాదాపు సగము రష్యాది. ఆ భాగమును విడిచి లెక్క కట్టినచో ధ్రువభూముల స్థితి యెంతగ తప్పుగ కనబడునో 2024లో ప్రకటింపబడిన యొక పరిశోధనము చూపినది: ఆ తప్పు, ఈ శతాబ్దాంతమునకు శీతోష్ణస్థితి వలన రాగల మార్పుతో సరితూగునంత గొప్పది. అనగా కొలవవలసినదానికంటె కొలతలోని దోషమే తక్కువ కాదు.

దోషము ఒక్క పక్షముననే లేదు. 1978 నుండి తెగక సాగిన ఉపగ్రహ లెక్కలకు ఆధారమైన అమెరికా సైనిక ఉపగ్రహముల సమాచారమును నిలిపివేయుదుమని ఆ దేశపు రక్షణశాఖ 2025 జూనులో ప్రకటించెను. తరువాత ఆ నిర్ణయము సడలింపబడినది. ఈలోపుగ మంచును లెక్కించు శాస్త్రజ్ఞులు జపాను ఉపగ్రహపు సమాచారమును ఆశ్రయించి లెక్క తెగకుండ కాపాడుకొనిరి. ఒక దేశపు కార్యాలయమున నొక కాగితముపై చేసిన సంతకముతో అర్ధశతాబ్దపు లెక్క తెగవచ్చునని అందఱికి తెలిసినది. పొత్తు వలననే అది నిలుచునని గూడ తెలిసినది.

దండెత్తినవానితో పొత్తేమిటని కొందఱు న్యాయముగనే అడుగుదురు. పరరాజ్యాక్రమణమును ఖండించుటలో మేము ఎవరికిని తీసిపోము. ఆక్రమణమును అనుభవించిన జాతివారము. కాని దండయాత్రను ఖండించుట వేఱు, ఉష్ణమాపకమును చూడకుండుట వేఱు. తప్పిపోయిన యేటి కొలతను మఱుసటి యేట తిరిగి తీయలేము. యుద్ధములు ముగియును, సంధులు జరుగును, సరిహద్దులు మారును. 2022 వేసవిలో సైబీరియా తీరమున మంచెంత మందముండెనో నాడు కొలువనిది ఎన్నటికిని తెలియదు.

పేదదేశమునకు ఈ ఖర్చేలయని అడుగువారును కలరు. పేదవానికే ముందుగ తెలియుట యవసరము. ధనవంతుడు గట్టు కట్టుకొనును, మేడ యెక్కును; లంకలోని రైతునకును, తీరమందలి జాలరికిని ముందు తెలిసిన వార్తయే గట్టు, మేడ. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము తుఫానుల వేళ అలల ఎత్తును, జాలరులకు చేపలుండు తావులను తెలుపుచున్నది. ఆ సేవ యెంత విలువగలదో మన తీరవాసుల నడిగిన తెలియును. ధ్రువమున నాటిన మన యంత్రములు ఆ సేవకు దూరపు తోబుట్టువులే.

2013 మే నుండి భారతదేశము ఆర్కిటిక్ మండలిలో పరిశీలక స్థానమును పొందియున్నది. 2022 మార్చిలో మన ప్రభుత్వము తన ఆర్కిటిక్ విధానమును ప్రకటించినది. మనకు రష్యాతోను, పశ్చిమదేశములతోను మాటలు చెల్లుచున్నవి. ఈ స్థితిని నూనె, వాయువు, క్రొత్త ఓడదారులు సంపాదించుకొనుటకు మాత్రమే వాడుకొందుమా, లేక తెగిన కొలతల త్రాళ్లను ముడివేయుటకు వాడుకొందుమా? మంచు కరగిన దారిని ముందుగ పోవు నౌక మనదైన నేమి లాభము, ఆ కరగిన నీరే మన లంకలపైకి వచ్చునప్పుడు? ఇరుపక్షముల శాస్త్రజ్ఞులు తమ లెక్కలను నిర్భయముగ చేర్చుకొనుటకు మన పరిశోధనాలయములు తలుపులు తెరువవలెను. హిమాద్రి, ఇండార్కుల కొలతలు ఏ ప్రభుత్వము మారినను ఒక్క సంవత్సరమైన ఆగరాదు. మన విశ్వవిద్యాలయములలోని యువకులు ఈ శాస్త్రమునకు మఱింతమంది పోవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, మన పొగను మనము తగ్గించుకొనవలెను.

గ్రీలీ బృందమువారు ఆకలిచే కూలుచు గూడ కొలతల పుస్తకమును విడువలేదు. వారికి దానివలన నొరిగిన దేమియు లేదు. ఫలమును నూరేండ్ల పిమ్మటి మనము అనుభవించుచున్నాము. మన తరువాతి నూరేండ్లవారు మన పుస్తకమును తెరచిననాడు అందు ఖాళీపుటలు కనబడకుండ చూచుకొనుట ఈ తరమువారి ఋణము.